నాలుక మీద దీవి

ఆగండి. ఒక్క నిమిషం ఆ ఫోన్ పక్కన పెట్టి ఇది వినండి. తింటూ వింటుంటే మాత్రం ముందు తినడం కానిచ్చేయండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నాచారంలో ఒక మనిషి రాయిని నాకి చచ్చిపోయాడు.

సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ సారలమ్మకి ఫోన్ చేసి కానిస్టేబుల్ దుర్గేష్ చెప్పిన మాట అచ్చంగా ఇదే.

"మేడం, ఒకాయన రాయి నాకి సచ్చిపోయిండు."

"పొద్దుగాల్నే తాగినవా దుర్గేష్?"

"లేదు మేడం, అమ్మతోడు. రాయి ఇంక చేతుల్నే ఉంది."

ఆ టైముకి సారలమ్మ బోడుప్పల్‌లో, తల్లి ముత్తమ్మ ఇంటి ముందు, బూట్లు విడిచి నిలబడి ఉంది. సోమవారం సోమవారం ఇదొక డ్యూటీ. రేకుల పందిరి కింద మోకాలెత్తు నల్లరాయి. నిలువునా పలకలు పలకలుగా ఉంటుంది. దాని మొదట్లో ముత్తమ్మ పాలు పోస్తుంది. కాలనీ ఆడవాళ్ళంతా పోస్తారు. పులిసిన పాల వాసన. దాని చుట్టూ ఈగలు. సారలమ్మ ఊపిరి బిగబట్టి ఓర్చుకుంటుంది. భర్త పోయాక ఆరు నెలలు మంచం దిగని ముత్తమ్మ, ఈ రాయి వచ్చాకే లేచి తిరుగుతోంది మరి.

"నోరు తెరువు బిడ్డా."

"అమ్మా, డ్యూటీ ఉన్నదే..."

"తెరువంటున్న గద."

రాయి నెత్తిన తెల్లటి పొర ఉంటుంది. స్వామికి తనంతట తనే పుట్టిన విభూతి అంటారు. ముత్తమ్మ దాన్ని రూపాయి బిళ్ళతో గీకి, చిటికెడు కూతురి నాలుక మీద వేసింది. ఉప్పగా, సుద్దలా ఉంది. సారలమ్మ మింగేసి జీపెక్కింది.

*

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా. కింద బిస్కెట్ గోడౌన్, పైన రాఘవేంద్ర రాక్ ల్యాబ్. మెట్ల మీద వెనిలా వాసన, నాలా కంపు కలిసి ముక్కులో దూరాయి. గోడ మూలల్లో గుట్కా ఉమ్ములు. సారలమ్మ కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఎక్కింది.

డాక్టర్ రాఘవేంద్ర. అరవై రెండేళ్ళు. రిటైరైన జియాలజీ ప్రొఫెసర్. బిల్డర్లు రాళ్ళు తెచ్చిస్తే పరీక్ష చేసి చెబుతాడు. ఇప్పుడు టేబుల్ మీద చెంప ఆనించి పడి ఉన్నాడు. నాలుక కొంచెం బయటికొచ్చి ఉంది. పెదాల మీద తెల్లటి పొడి. నురగ ఎండిపోయింది. దాని మీద ఈగలు. ఇక్కడా ఈగలే!

కుడిచేతిలో పిడికెడు రాయి. ఒక వైపు నలుపు, ఒక వైపు మొత్తం తెలుపు. ఆ తెలుపు మధ్యలో నాలుక వెడల్పున తడి ఆరిన మరక.

క్లూస్ టీమ్ ఆయన గ్లౌజులు తీస్తూ అన్నాడు. "సైనైడ్ లెక్కుంది మేడం. రాయి మీద ఉంది, పెదాల మీద ఉంది. పోస్ట్‌మార్టం అయితే పక్కా తెలుస్తది. రిపోర్టు రేపటికి గాని రాదు."

"సైనైడ్ ఏడికెళ్ళి వచ్చింది?"

"నాచారంల సైనైడ్ వాడే ప్లేటింగ్ షెడ్లు తక్కువున్నయా మేడం?"

శవాన్ని ముందు చూసింది శాంతాబాయి. ల్యాబు ఊడ్చే మనిషి. ఎనిమిది నలభైకి తలుపు తోసిందట. ఆమె పక్కన తేజేష్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. రాళ్ళని పల్చగా కోసి మైక్రోస్కోప్ స్లైడ్లు చేసే టెక్నీషియన్.

"ఏందిది? రాళ్ళు నాకుడేంది?" సారలమ్మ అడిగింది.

"సార్‌కి అలవాటు మేడం. జియాలజిస్టులు శానా మంది గంతే. రాయి తడిస్తే లోపలి గింజలు మంచిగ కనిపిస్తయి."

"నీళ్ళు లెవ్వా ఈడ?"

"మట్టిరాయి అయితే నాలుకకు అతుక్కుంటది మేడం. నీళ్ళతోని గది తెల్వది."

"ఛీ. ఈ రాయి ఎవరు తెచ్చిన్రు?"

తేజేష్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"కీర్తన. పీహెచ్‌డీ చేస్తది. నిన్న సాయంత్రమే సముద్రంల ఉన్న కంబదీవి నుంచి వచ్చింది. ఆ ట్రేల ఉన్నయన్ని ఆమె తెచ్చినయే. రాత్రి సార్‌తోని పెద్ద లొల్లి. 'మీరు ఆగితే ఆగండి సార్, నేను ఆగను' అన్నది. నా చెవులతోని విన్న."

సారలమ్మ టేబుల్ చుట్టూ ఒకసారి నడిచింది. టేబుల్ నిండా చాయ్ కప్పుల గుండ్రటి మరకలు. ఒకదాని మీద ఒకటి. చక్కెరకి పట్టిన చీమలు. పాత బిస్కెట్ ముక్కలు. కంపు టేబుల్. ఆ మధ్యలో ఒకే ఒక్క కప్పు. బోర్లించి ఉంది. అద్దంలా మెరుస్తోంది.

"శాంతాబాయి, కప్పు కడిగినవా?"

"నేనెందుకు కడుగుత మేడం! సారు ముట్టుకోనియ్యడు. వారానికోపారి గాని కడగడు. చీమలు తేలినా గట్లనే తాగుతడు."

సారలమ్మ దుర్గేష్‌కి కళ్ళతో సైగ చేసింది. కప్పు కవర్లోకి వెళ్ళింది.

అప్పుడే ఏసీపీ ఫోన్.

"రాయి ఆ పిల్లదే. లొల్లి ఆ పిల్లతోనే. ఇంకేం కావాలె సారలమ్మా? టీవీలోళ్ళు అప్పుడే 'కిల్లర్ స్టోన్' అని మొదలువెట్టిన్రు. సాయంత్రం అయిదింటికి మెజిస్ట్రేట్ ముందట పెట్టు."

"సార్, నాకు జర టైము..."

"అయిదు."

*

కీర్తనకి ఇరవై ఆరేళ్ళు. స్టేషన్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మొహం ఎండకి కమిలి ఉంది. బ్యాక్‌ప్యాక్ ఇంకా విప్పనేలేదు. గేటు బయట వాళ్ళ నాన్న స్కూటర్ పక్కన నిలబడ్డాడు. నాచారంలో లెక్కల టీచర్. చేతిలో టిఫిన్ బాక్స్. ఎవరినీ ఏమీ అడగడం లేదు. అలా నిలబడే ఉన్నాడు.

"చంపినవా?" సారలమ్మ సూటిగా అడిగింది.

"లేదు మేడం. ఆయన నా గురువు."

"మరి లొల్లి ఎందుకు?"

"స్తంభాల కోసం."

"ఏం స్తంభాలు?"

కీర్తన ఫోన్‌లో ఫోటో తీసింది. నీలం సముద్రం. మధ్యలో చిన్న దీవి. దీవంతా నల్లటి రాతి స్తంభాలే. కట్టెల మోపు నిలబెట్టినట్టు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని.

"ఎవరు చెక్కిన్రు?"

"ఎవరూ చెక్కలేదు మేడం, అదే కదా! ఉప్పల్ నల్లచెరువు ఎండితే బురద ఎలా పగులుతుంది? పలకలు పలకలుగా, అవునా? లావా కూడా అంతే. చల్లారుతూ ముడుచుకుంటుంది, పగులుతుంది. పైన మొదలైన పగులు నిలువునా కిందికి దిగుతుంది. అలా స్తంభాలైపోతాయి. ఎక్కువ వాటికి ఆరు పలకలు. తేనెపట్టు గదుల్లా!"

జైలు సంగతే మర్చిపోయింది పిల్ల. కళ్ళు మెరుస్తున్నాయి.

"దీవి మీద ఎవరుంటరు?"

"మనుషులు ఉండరు. పక్షులదే రాజ్యం. దూరం నుంచి చూస్తే దీవికి సున్నం కొట్టినట్టు ఉంటుంది. నేను పర్మిషన్‌తో పిడికెడు ముక్కలు ఏరుకొచ్చాను, అంతే. కానీ ఈసారి వెళ్తే..." ఆమె మొహం మారిపోయింది. ఇంకో ఫోటో చూపించింది. నల్లటి మొదళ్ళు. పైన నున్నగా, గచ్చులా. "రంపంతో కోసి పట్టుకుపోయారు మేడం. ముప్పై పైనే. పళ్ళు పీకిన నోరులా ఉంది చూడండి. కోట్ల ఏళ్ళు నిలబడ్డాయి. ఎవరి గార్డెన్ కోసమో కోసేశారు. ఇవాళే కంప్లైంట్ ఇద్దాం అన్నాను. సార్ 'రెండ్రోజులు ఆగు, ముందు ఒకరితో మాట్లాడాలి' అన్నారు."

"ఎవరితోని?"

"చెప్పలేదు. తల దించుకున్నారు."

సారలమ్మ ఆ ఫోటోనే చూస్తోంది. నల్లరాయి. పలకలు. ఎక్కడో చూసింది. ఎక్కడ?

"సరే. ఈ నాకుడు సంగతేందో నాకు జర చూపియ్యి."

కీర్తన బ్యాక్‌ప్యాక్‌లోంచి ఒక రాయి తీసింది. "సుత్తి కావాలి మేడం."

దుర్గేష్ కంగారుపడ్డాడు. "మేడం, ముద్దాయికి సుత్తె ఇస్తున్నమా?"

"ఇయ్యవయ్యా. నీ నెత్తి మీద గొట్టదులే."

టక్. ఒక్క దెబ్బ. రాయి రెండుగా పగిలింది. కీర్తన లోపలి కొత్త ముఖాన్ని నాలుకతో తడిపి, వెలుగులోకి తిప్పి చూసింది. పక్కింటామె పచ్చడి ఉప్పు చూసినంత మామూలుగా.

సారలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. పగలగొట్టడం చూసింది, నాకడం చూసింది. కానీ అందులో ఉన్న విషయం అప్పటికి ఆమెకి తట్టలేదు.

*

రాఘవేంద్ర ఫోన్‌లో ఆఖరి కాల్ ఆదివారం రాత్రి. బుచ్చిబాబు అనే మనిషికి. తొమ్మిది నిమిషాలు.

ఉప్పల్ రింగ్ రోడ్డు మీద బుచ్చిబాబు గ్రానైట్స్. రంపాలు కీచుమంటున్నాయి. కోసిన రాళ్ళ బురద తెల్లగా, పాడైపోయిన పెరుగులా మోరీలోకి జారుతోంది. అందులో ఒక కుక్కపిల్ల ఇరుక్కుని కుయ్యోమంటోంది. పనివాళ్ళెవరూ అటు చూడటం లేదు. దుర్గేష్ తిట్టుకుంటూ దిగి దాన్ని లాగాడు.

బుచ్చిబాబు తెల్ల చొక్కా, బంగారు గొలుసు. కాకినాడ వైపు నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చాడు. సారలమ్మని చూడగానే భోరుమన్నాడు.

"మేడంగారూ! రాఘవా నేనూ ఒకే హాస్టల్ అండీ, ఒకే కంచం. రోజూ పొద్దున్నే, వాడి పని మొదలవకముందే ఇరానీ చాయ్ ఫ్లాస్కులో పోసుకుని వాడి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఈరోజే... ఈరోజే వెళ్ళలేకపోయానండీ."

ముక్కు కారింది. గొలుసు మీద పడింది. ఆ చేత్తోనే తుడిచి, ఆ చేత్తోనే ఆమె ముందుకి కప్పు జరిపాడు. "చాయ్ తీసుకోండి."

"వద్దు. రాత్రి ఫోన్ల ఏమన్నడు?"

"చాయ్‌కి రారా అన్నాడండీ. పని ఉందన్నాను. వెళ్ళుంటే బతికేవాడేమో! వాడి అలవాటే వాణ్ణి తినేసింది. ఎన్నిసార్లు చెప్పాను, రాళ్ళు నాకకురా అని! ఇక్కడికి వచ్చినా అంతే. ఇలా..." అంటూ, కోసి నున్నగా పెట్టిన గ్రానైట్ పలక మీదికి వంగి నాలుక చాపి చూపించాడు. "ఇలా నాకేసి, ఇది ఖమ్మం, ఇది ఒంగోలు అని చెప్పేసేవాడు. మా పనోళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు."

సారలమ్మ అతని నాలుకని చూసింది. చాయ్‌తో ఎర్రబారిన లావు నాలుక. ఛీ అనుకుంది.

వెనక్కి నడిచింది. గోడ వెంబడి గడ్డి. గడ్డిలో అక్కడక్కడా బోడి మచ్చలు. చాలా కాలం బరువేదో నిలబెట్టి, ఈమధ్యే తీసేసినట్టు మట్టి పాలిపోయి ఉంది.

ఒక్కో మచ్చకీ ఆరు మూలలు.

"ఈడ ఏముండె?"

"పూలకుండీలండీ. అమ్మేశాను."

ఆరు మూలల పూలకుండీలు! సారలమ్మ తల ఊపింది. జీపెక్కింది.

"స్టేషన్‌కా మేడం?"

"బోడుప్పల్ పోనియ్యి. మా అమ్మ ఇంటికి."

*

ముత్తమ్మ పందిరి కింద పూలు కడుతోంది. సారలమ్మ బూట్లు విప్పింది. రాయి చుట్టూ తిరిగింది. పలకలు వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

ఆరు.

"అమ్మా, ఈ సామి ఏడికెళ్ళి వచ్చిండు?"

"ఉప్పల్ కెళ్ళి బిడ్డా. కాలనీ ఆడోళ్ళమంత గలిసి తెచ్చుకుంటిమి. ఆ యార్డాయన మంచోడు. 'సముద్రంల తనంతట తనే పుట్టిన సామి అమ్మా, చెయ్యి తగిలితే పుణ్యం' అన్నడు. నెత్తిన ఇబూది సుత ఆయననే చూపెట్టిండు. 'దీన్ని కడగకుండ్రి, రోజింత నాలికె మీద ఏసుకోండ్రి' అని జెప్పిండు. ఎందుకడుగుతున్నవ్?"

"ఏం లేదులే."

జీపులో కూర్చుని సారలమ్మ స్టేషన్‌కి ఫోన్ కొట్టింది. కీర్తనకి ఇమ్మంది. ఒకే ఒక ప్రశ్న. "ఆ రాళ్ళ మీద తెల్లగ ఉంటది చూడు. గదేంది?"

కీర్తన ఒక్క ముక్కలో చెప్పింది.

సారలమ్మ ఫోన్ పెట్టేసింది. ఉప్పల్ మెట్రో పిల్లర్ దగ్గర జీపు ఆపించింది. దిగింది. పిల్లర్ పట్టుకుని వంగి, పొద్దున తిన్న ఉప్మా మొత్తం కక్కేసింది. దుర్గేష్ నీళ్ళ బాటిల్ తెచ్చాడు. ఆమె పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. నాలుకని కర్చీఫ్‌తో రుద్దింది. బాటిల్ అయిపోయింది.

"ఇంకోటి తే."

"ఫుడ్ పాయిజనా మేడం?"

"అడగకు."

*

మధ్యాహ్నం రెండుంబావు. రాక్ ల్యాబ్. అదే టేబుల్. అదే కుర్చీ, ఖాళీగా. తేజేష్, శాంతాబాయి, కీర్తన, బుచ్చిబాబు. తలుపు దగ్గర దుర్గేష్. టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్లో ఆ రాయి.

సారలమ్మ కూర్చోలేదు.

"తేజేష్, రాయి మీద నాలుక పెట్టే ముందు మీరు ఏం జేస్తరు?"

"ఏం జేస్తం... పగలగొడతం మేడం."

"ఎందుకు?"

"బయటి ముఖం ఎండకి, వానకి పాడైపోయి ఉంటది. అబద్ధం చెప్తది. లోపలి ముఖమే నిజం. సార్ క్లాసుల మొదటి రోజు చెప్పేది గదే."

"మరి ఈ రాయి పగిలిందా?"

కింద గోడౌన్‌లో ఎవరో అట్టపెట్టెలు విసురుతున్నారు.

"లేదు," అంది కీర్తన మెల్లగా. "అయ్యో. లేదు! సుత్తి గోడకే ఉంది."

"నలభై ఏండ్లు రాళ్ళు పగలగొట్టినాయన, ఇయ్యాల పగలగొట్టకుండ నాకిండా? సరే, తొందరల ఉన్నడనుకుందాం. మరి నాలుక ఎటు వెట్టిండు? తెలుపు దిక్కు. కీర్తనా, ఆ తెలుపు ఏందో వీళ్ళకు సుత చెప్పు."

"రెట్ట మేడం. సముద్రపు పక్షుల రెట్ట. ఏళ్ళ తరబడి పేరుకుని సున్నంలా గట్టిపడుతుంది. స్తంభాల తలలన్నీ అలాగే ఉంటాయి. దాని మీద ఏ జియాలజిస్టూ చచ్చినా నాలుక పెట్టడు!"

దుర్గేష్ తన అరచేతులు చూసుకున్నాడు. ప్యాంటుకి తుడుచుకున్నాడు. పొద్దున ఆ రాయిని కవర్లో వేసింది తనే మరి.

"అంటే సార్ ఆ రాయి నాకలే," అంది సారలమ్మ. "ఆయన సచ్చినంక చేతుల పెట్టిన్రు. పెట్టినోనికి సార్ రాళ్ళు నాకుతడని తెలుసు. పగలగొట్టి నాకుతడని తెల్వదు. తేజేష్‌కు తెలుసు, కీర్తనకు తెలుసు. శాంతాబాయి రోజూ ఆ ముక్కలు ఊడుస్తది, ఆమెకు సుత తెలుసు. తెల్వంది ఎవనికి? సార్ నాకంగ చూసిండు గాని, సుత్తె పట్టంగ ఎన్నడు చూడనోనికి. యాడ ఉంటయి గసుంటి రాళ్ళు? ముందే కోసి, నున్నగ చేసి పెట్టిన రాళ్ళు?"

ఆమె తిరిగింది.

"మీ యార్డుల బుచ్చిబాబు గారు. మీరే నాకి చూపెట్టిన్రు గద."

బుచ్చిబాబు నవ్వాడు. కన్నీళ్ళు ఎప్పుడు ఆరిపోయాయో ఎవరూ చూడలేదు.

"భలేవారండీ. నాకి చూపిస్తే హంతకుడినా?"

"ట్రేల ఇన్ని రాళ్ళుంటె ఇదే ఎందుకు తీసినవ్? తెలుపు మీద తెల్ల పొడి కనపడదనుకున్నవ్. విషం పోయింది చాయ్‌ల. నీ ఇరానీ చాయ్‌ల. తాగినంక కప్పు కడిగినవ్, బోర్లిచ్చినవ్. ఈ టేబుల్ మీద శుభ్రంగున్న వస్తువు అదొక్కటే! పొడి ఆయన పెదాలకు నీ చేత్తోనే పూసినవ్. ఇరవై ఏండ్లు నీ చాయ్ తాగిన పెదాలకు. నాలుక బయటికి గుంజి రాయికి రాసినవ్. థూ."

శాంతాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

"కథ బాగుందండీ," అన్నాడు బుచ్చిబాబు. "కానీ ఎందుకు చంపుతాను వాణ్ణి?"

"దీవి స్తంభాలు కోసి తెచ్చినవ్. యార్డుల వాటిని రాఘవేంద్ర సార్ చూసిండు, గుర్తువట్టిండు. దోస్తువని నోరు మూసుకున్నడు. మొదళ్ళ ఫోటోలు ఈ పిల్ల తెచ్చి ముందట పెట్టినంక ఇంక మూసుకోలేకపొయ్యిండు. రాత్రి ఫోన్ల నీకు గదే చెప్పిండు."

"ఏ స్తంభాలు? నా యార్డంతా వెతుక్కోండి. ఒక్క రాయి చూపించండి." కాలు మీద కాలు వేసుకున్నాడు. "రాయి లేకపోతే కారణం లేదు. కారణం లేకపోతే మీ దగ్గర ఉన్నది ఈ అమ్మాయే. కడిగిన కప్పుకీ, పక్షి రెట్టకీ కోర్టులో ఎవడు జడుస్తాడండీ?"

సారలమ్మ ఏసీపీకి ఫోన్ చేసింది. అంతా చెప్పింది. అవతల నిట్టూర్పు.

"మోటివ్‌కు ఒక్క రాయన్న జూపియ్యి సారలమ్మా. రాయి లేకుంటె అయిదింటికి ఆ పిల్లనే."

కీర్తన కుర్చీ అంచు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. "ఒక్కటి దొరికినా చాలు మేడం. చిన్న పెచ్చు చాలు. తేజేష్ స్లైడ్ కోస్తే, కంబదీవి రాయో కాదో మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. వేరే ప్రొఫెసర్లని కూడా చూడమనండి."

"గంటన్నర ఇస్తే కోస్త మేడం," అన్నాడు తేజేష్. కీర్తన వైపు చూడలేకపోతున్నాడు. "కానీ లోపలి రాయి కావాలె. పైది గీకితే పనికిరాదు."

కిటికీలోంచి కింద కీర్తన నాన్న కనిపిస్తున్నాడు. స్టేషన్ నుంచి జీపు వెనకే వచ్చినట్టున్నాడు. అదే స్కూటర్. అదే టిఫిన్ బాక్స్.

సారలమ్మ గోడకున్న సుత్తి తీసుకుంది.

"దుర్గేష్, ఈయన్ని కదలనియ్యకు. ఒక్క రాయి నాకు ఎరికే."

బుచ్చిబాబు కాలు మీద కాలు తీసేశాడు.

*

బోడుప్పల్. రేకుల పందిరి. రెండూ నలభై. ముత్తమ్మ కూతురి చేతిలో సుత్తి చూసింది. లేచి నిలబడింది.

సారలమ్మ దాచలేదు. దొంగ రాయని చెప్పింది, అమ్మినవాడు హంతకుడని చెప్పింది. ఒక ఆడపిల్ల సాయంత్రం జైలుకి పోతుందని చెప్పింది. చిన్న పెచ్చు చాలంది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. నెత్తి మీద తెలుపు ఏమిటో చెప్పలేదు. నోరు రాలేదు.

"పెచ్చు వోయినంక ఇంక పూజకు పనికిరాదు బిడ్డా," అంది ముత్తమ్మ. "బిన్నమైతది. తీస్కపోయి నీళ్ళల్ల ఎయ్యాలె."

"తెలుసమ్మా."

"మీ నాయిన వోయినంక నేను మాట్లాడింది దీనితోనే."

"తెలుసు."

ముత్తమ్మ రాయి దగ్గరికి జరిగింది. చీరకొంగుతో దాని ఒక పలక తుడిచింది, పిల్లాడి మొహం తుడిచినట్టు. సారలమ్మ టైము చూసుకోలేదు.

"ఆ పిల్లకు తల్లి ఉన్నదా?"

"నాయిన ఉన్నడు. టిఫిన్ వట్టుకొని నిలవడ్డడు, పొద్దుగాల్నుంచి."

"గట్లనా." ముత్తమ్మ ముక్కు చీదింది. "కొట్టు. రాయిదేముంది, ఇంకోటి దొర్కుతది. పిల్ల దొర్కుతదా? సామి సుత గదే అంటడు."

సారలమ్మ సుత్తి ఎత్తింది.

"ఆగు!"

ముత్తమ్మ నడుముకి దోపుకున్న రూపాయి బిళ్ళ తీసింది. రాయి నెత్తిన గీకింది. బరబర. తెల్లటి పొడి రాలింది. ముందు తన నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని మింగింది. వద్దమ్మా అనేలోపే అయిపోయింది. మళ్ళీ గీకింది. ఈసారి చిటికెడు ఎక్కువే.

"ఆఖరిసారి బిడ్డా. ఆయన పెసాదం తీసుకోని, దండం వెట్టుకోని కొట్టు. గట్ల తీస్కోకుండ కొడితే నా మనసు ఒప్పది." వేళ్ళు ముందుకి చాచింది. కళ్ళ నిండా నీళ్ళు. "నోరు తెరువు."

సారలమ్మ గొంతులోకి పొద్దుటి ఉప్పు మళ్ళీ ఎగదన్నింది. చేతిలో సుత్తి. అటు జీపులో ఇంజన్ ఆగలేదు. ఎదురుగా అమ్మ వేళ్ళు, వేళ్ళ మధ్య ఆ తెల్లటి చిటికెడు.

మీరే చెప్పండి. మీరైతే ఆ నిజం అప్పుడే అమ్మకి చెప్పేస్తారా? లేక కళ్ళు మూసుకుని నోరు తెరుస్తారా?